సవరణ: ‘మార్నింగ్ డ్యూ’ రాసింది ఎవరు?

గత పోస్టులో ‘మార్నింగ్ డ్యూ’ అనే ఇంగ్లిష్ పాటను గాయకులు బానీ డాబ్సన్, టిమ్ రోజ్ కలిసి రాశారని ఉంది. అది సరికాదు. అణుయుద్ధం తర్వాతి లోకాన్ని చూపిన ‘ఆన్ ది బీచ్’ సినిమా చూశాక, 1961లో టొరంటో గాయని డాబ్సన్ ఒక్కరే రాసిన పాట అది. న్యూయార్క్‌లోని ఫోక్ సిటీ క్లబ్బులో ఆమె పాడగా రికార్డు చేసిన 1962 లైవ్ ఆల్బమ్‌లో ఈ పాట ఉంది. 1964లో గాయకులు ఫ్రెడ్ నీల్, విన్స్ మార్టిన్ దీన్ని రికార్డు చేశారు. ఈ పాట ఉన్న రోజ్ ఆల్బమ్ 1967ది. ఆయన కొద్ది మార్పులు చేసి రచయితగా తన పేరూ వేసుకున్నారు. తర్వాతి రికార్డులు చాలావరకు ఆ జంట పేర్లనే అచ్చేశాయి. డాబ్సన్‌కు జరిగిన అన్యాయం ఇదే.

రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ మీది పేరు హక్కుల నమోదును చెబుతుంది, రచనను కాదు. పాట ఎవరిదో తేల్చుకోవాలంటే అన్నిటికన్నా పాత రికార్డింగ్ దొరకబుచ్చుకుని చరణాలు పక్కపక్కన పెట్టి పోల్చండి. రీఇష్యూ (మళ్లీ విడుదల చేసిన రికార్డు) అట్టమీది సంవత్సరంతో ఆగకండి. లేబుల్ చుట్టూ పాటలేని వలయంలో గీసిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డు ఏ అచ్చుదో గుర్తించే సంఖ్య) కూడా చూడండి.