మీట నొక్కితే చాలండీ

సెట్టింగులు రాసిపెట్టుకునే జేసన్ ఫైల్లో కామాలు సరిచూసుకోవడం చదువుకున్నవాడు చేయదగ్గ పని కాదని ఎట్టకేలకు తేలిపోయింది. చివరి వరస పక్కన ఒక్క కామా ఎక్కువైతే చాలు, ఫైలు మొత్తం చెల్లదట. ఏం రాక్షసత్వం ఇది! అందుకే కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకుల సెట్టింగులకు మీటల తెరలొచ్చాయి. నొక్కితే పచ్చ, మళ్లీ నొక్కితే బూడిద. అమలాపురం, భీమవరాల్లో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మా కుర్రకారు ఈ సంస్కరణను రెండు చేతులా స్వాగతించింది.

దీనివల్ల ఒరిగిన అసలు మేలు, కింద ఏముందో తెలుసుకునే బాధ తప్పడం. అలాంటి సహాయకుల్లో ఒకటైన క్లాడ్ కోడ్ సంగతే తీసుకోండి. మనిషికో సెట్టింగుల ఫైలు, ప్రాజెక్టుకో ఫైలు, ఆ ప్రాజెక్టులోనే మన ఒక్కరికోసం లోకల్ ఫైలు, అందరి నెత్తిన కంపెనీ పెట్టే ఫైలు. మన సొంత సెట్టింగు మీద ప్రాజెక్టుది, దాని మీద లోకల్‌ది చెల్లుతాయి; కంపెనీదాన్ని ఎవరూ కదపలేరు. కుర్రాడు నొక్కాడు, పచ్చబడింది, పని మాత్రం జరగలేదు. అడిగితే "ఆయ్, ఆన్ చేసేశానండి" అంటాడు. పాపం, నిజమే చెప్తున్నాడు.

వాళ్ల నాన్నగారు మాత్రం పాతకాలం మనిషి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ డెల్టా రైతుకు ఓ పాడు అలవాటు: ధవళేశ్వరంలో నీళ్లొదిలారన్నా, దాళ్వా వంతు వచ్చిందని కబురందినా నమ్మడు. కాలువ, బోదె, తూము వరసాగ్గా చూసుకుంటూ, ఎగువన ఎవడు అడ్డు వేశాడో గట్టెంబడి నడిచి కనుక్కుంటాడు. అలాంటివాళ్లకు తెరలెందుకు?

ఇక అనుమతుల పేజీ. "ఈ కమాండ్ నడపనా?" అని సహాయకుడు మాటిమాటికీ అడిగితే మర్యాదస్తుడు ఎంతసేపని ఓర్చుకుంటాడు? "ఇక అడగొద్దు" నొక్కేస్తాడు. ఆ నొక్కుడు ప్రాజెక్టు ఫైల్లో పడిందంటే, కోడ్ పంచుకునే గిట్ ఎక్కి, హైదరాబాదులో టీమందరి ల్యాప్‌టాపులకూ చేరుతుంది. దీన్నే జట్టుగా పనిచేయడం అంటారు. ఒక్కచోట డినై (వద్దు) అని రాసి ఉంటే ఇంకెక్కడ అలౌ (సరే) అన్నా చెల్లదనే నిబంధన మాత్రం అన్యాయం. పాస్‌వర్డులున్న ఫైలును చదవనీయకుండా ఎవరో చాదస్తుడు పెట్టిన ఆ అడ్డును అసలు తెరమీద చూపించకుండా ఉంటే బాగుండును.

తయారీదారులకు ఇంకొక్క విన్నపం. కొన్ని తెరల్లో ఓ మూలన, చిన్న అక్షరాల్లో, "అసలు ఫైలు చూడండి" అని ఉంటోంది. దయచేసి అది తీసేయండి. చూసినవాళ్లు ప్రశ్నలేస్తున్నారు.