అంబులెన్స్ కొనిచ్చే ముందు

అమెరికాలోని మన తెలుగు సంఘాల సేవా కార్యక్రమాల్లో తరచూ కనిపించే పద్దు సొంతూరికి అంబులెన్స్. రిబ్బన్ కత్తిరించే ఫొటో బాగా వస్తుంది, దాత పేరు తలుపు మీద పెద్దక్షరాల్లో పడుతుంది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ రోజంతా తిరగాల్సిన బండికి షిఫ్టుకొక డ్రైవరు, ఒక టెక్నీషియన్, వాళ్ళు సెలవు పెడితే ఇంకొకరు, డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ కావాలి. ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయో తేల్చకుండా తాళంచెవులు అందించి విమానం ఎక్కేస్తే ఎలా? పైగా విశాఖపట్నంలో ముందు సరిచేయాల్సింది బండి కాదని నా అభిప్రాయం.

108 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జులై 1న 108 అంబులెన్సులు, ఊరూరా తిరిగి వైద్యం చేసే 104 బండ్లు కలిపి 1,088 కొత్త వాహనాలను ఒకేరోజు రోడ్డెక్కించారు. ఫోన్ ఎత్తడం, బండి పంపడం రాష్ట్ర ప్రభుత్వం నడిపే వ్యవస్థ పని. ఆ బండి గుమ్మం దాకా రాగలదా లేదా అన్నది మాత్రం చాలామటుకు జీవీఎంసీ, అంటే విశాఖ నగర కార్పొరేషన్, చేతిలో ఉంది. ఇంటి నంబరు, వీధి బోర్డు, సందు వెడల్పు, ఆ సందులోకి పొడుచుకొచ్చిన ర్యాంపు, అపార్ట్‌మెంట్ ప్లానుకు అనుమతి, ఇవన్నీ కార్పొరేషన్ వ్యవహారాలే.

మన డోర్ నంబర్ల సంగతి తెలిసిందే. రెండు గీతలు, ఒక స్లాషు, ఆ తర్వాత ఒక అక్షరం. పక్కింటి నంబరుకీ మనదానికీ పొంతన ఉండదు. అందుకే ఫోన్‌లో ఎవరూ నంబరు చెప్పరు, "రామాలయం వెనక సందండీ, నీళ్ళ ట్యాంకు దాటాక" అంటారు. డ్రైవరు మెయిన్ రోడ్డు మీద నుంచి మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఇంట్లో కుర్రాడొకడు బైకేసుకుని మలుపు దగ్గరికి పరిగెత్తి చెయ్యి ఊపుతాడు. ఆ కుర్రాడు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే? మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు ఉన్నది అమ్మానాన్నలే కదా.

ఇక కొండవాలు కాలనీలు. ఆరిలోవ, హనుమంతవాక, కంచరపాలెం వైపు కొండ మీదికి మెట్లే దారి. బండి కిందే ఆగిపోతుంది. ఇరుకు మలుపుల్లో స్ట్రెచర్ తిరగదు. గుండెనొప్పి వచ్చిన మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాలు కట్టి, ముందొకరు వెనకొకరు పట్టుకుని దించుతారు. వెనకాయన ఒక్క మెట్టు తప్పితే ముగ్గురూ కిందే. ఆ మధ్యలో గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి చదునైన జాగా కూడా ఉండదు. మెట్లు దింపడానికే చేసిన మడత కుర్చీలు, బెల్టులతో సహా, దొరుకుతాయి. అంబులెన్స్ ధరతో పోలిస్తే వాటి ఖరీదెంత!

పెద్ద ప్రమాదాల మాటా చెప్పుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం విషపు ఆవిరి లీకైనప్పుడు సైరన్ మోగలేదు. ఎటు పరిగెత్తాలో తెలియక వెంకటాపురం జనం రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది పోయారు. రిఫైనరీ, పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ పక్కన బతికే నగరంలో ఏ వార్డు వాళ్ళు ఎటు వెళ్ళాలి, బండ్లు ఎక్కడ ఆగాలి, ఆసుపత్రుల్లో ఎవరిని కేజీహెచ్‌కి, ఎవరిని విమ్స్‌కి తీసుకెళ్ళాలి అన్నది వార్డు ఆఫీసు గోడ మీద రాసి ఉండాలి. కలెక్టరేట్ ఫైల్లో ఉంటే చాలదు.

అమెరికాలో ఇలాంటి ప్లానింగ్ చాలాచోట్ల కౌంటీలు, సిటీలే చేస్తాయి. ఎన్ని నిమిషాల్లో చేరాలో రాసుకుని, చేరారో లేదో లెక్క చూసుకునే ఊళ్ళున్నాయి. అలాగని ఇక్కడిదంతా గొప్పేం కాదు. 1960ల దాకా ఈ దేశంలో సగం అంబులెన్సులు నడిపింది శవసంస్కారాల వ్యాపారులు! ఈరోజుకీ బండెక్కాక వచ్చే బిల్లు చూస్తే రెండోసారి గుండె పట్టుకోవాలి. 108 పైసా అడగదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు.

కార్పొరేషన్ చేయాల్సిన పనులకు కోట్లు అక్కర్లేదు. వార్డువారీగా మ్యాపు గీసి, ఏ సందు దాకా బండి వస్తుందో, ఎక్కడి నుంచి మోయాలో గుర్తుపెట్టి 108 వాళ్ళకివ్వాలి. కొండవాలు వార్డుల సచివాలయాల్లో మడత కుర్చీలుంచి, వాటిని వాడటం, గుండె ఆగితే ఛాతీ నొక్కే సీపీఆర్ చేయడం అక్కడి కుర్రాళ్ళకు నేర్పాలి. కొత్త అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఉందా అని చూడాలి. ఫోన్ వచ్చిన ఎన్ని నిమిషాలకు బండి చేరిందో వార్డులవారీగా నెలనెలా బయటపెట్టాలి. ఈ చివరిది ఎవరికీ నచ్చదు. అందుకే దాన్నే గట్టిగా అడగాలి.

మన సంఘం ఈసారి అంబులెన్స్‌కని తీసిపెట్టిన డబ్బు కుర్చీలకూ శిక్షణకూ మళ్ళించాలని నా ప్రతిపాదన. జీవీఎంసీ కమిషనర్‌కు రాసే ఉత్తరంలో ఒక్క షరతు పెడదాం: ముందు మ్యాపు, తర్వాతే చెక్కు.