ముప్పై సైట్లలో ఏమీ లేదు

మన ప్రభుత్వానికి పిల్లల మీద ప్రేమ పొంగినప్పుడల్లా మూసేయాల్సిన బూతు సైట్ల జాబితా ఒకటి విడుదలవుతుంది. 2024 మార్చిలో 18 ఓటీటీలు, 2025 జూలైలో ఇంకో 25. పేపర్లో ‘వేటు’ అని పెద్ద హెడ్డింగు. కాఫీ తాగుతూ చదివి, పీడ విరగడైందని మనం పేజీ తిప్పేస్తాం.

ఈ జాబితాలన్నిటికీ మూలపురుషుడు 2015లో పుట్టాడు. 857 సైట్లు! జూలై ఆఖరున మూసేశారు. దేశమంతా గోల. నాలుగైదు రోజులకే వెనక్కి తగ్గి, పిల్లల బూతు లేనివాటిని తెరుచుకోవచ్చని ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పారు. ఎందులో ఏముందో మాకెలా తెలుస్తుంది మహాప్రభో, అన్నాయి కంపెనీలు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ 857నీ మళ్ళీ మూయమంది. ఈసారి ఐటీ శాఖ శ్రద్ధగా పరిశీలించి, ఓ 30 సైట్లలో అశ్లీలమేమీ కనబడలేదని తేల్చి, మిగతా 827 మూయించింది.

ఆ పరిశీలన దగ్గరే నేను ఆగిపోయాను. ఎవరో ఒకరు కూర్చుని చూసి ఉండాలి కదా! ఢిల్లీలో ఓ సెక్షన్ ఆఫీసరు గారిని ఊహించుకోండి. రిటైర్మెంటు దగ్గర పడింది. పొద్దున్నే విష్ణు సహస్రనామం చదివి గానీ గడప దాటడు. పదిన్నరకు ఒకటో నంబరు తెరిచాడు. ‘చూడబడినది. కలదు.’ రెండు. ‘కలదు.’ లంచ్‌లోపు నలభై. ఎన్నడూ లేనిది పక్క సెక్షన్ వాళ్ళంతా స్టేప్లర్ కోసం వస్తున్నారు. నెట్ నత్తనడక నడుస్తోందనీ, ప్రజాప్రయోజనం దృష్ట్యా స్పీడు పెంచవలసిందనీ ఆయన పైకి నోటు పెట్టాడు. ఐదు వందలు దాటేసరికి ఆయనకు ఏదీ అశ్లీలంగా అనిపించడం మానేసింది. సందేహ నివృత్తికి ఫైలు అండర్ సెక్రటరీ గారి దగ్గరకు వెళ్ళింది. అది అక్కణ్ణుంచి తిరిగి రావడానికి వారం పట్టింది. అప్పుడు తగిలింది ఓ సైటు. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు, ఏమీ లేదు. బరువెక్కిన గుండెతో ‘లేదు’ అని రాశాడు. అలాంటివి ముప్పై! పాపం, ఆ ముప్పై సైట్ల వాళ్ళు మూడేళ్ళపాటు బంధువులకు ముఖం ఎలా చూపించారో.

ఇంతా చేస్తే, మూతపడ్డ ఓ పెద్ద సైటు పేరు చివరి ‘కామ్’ తీసేసి ‘నెట్’ తగిలించుకుని కొద్ది రోజుల్లోనే వచ్చేసింది. ఆఫీసరు గారూ, 858 మొదలుపెట్టండి.

ఇప్పుడు కొత్త మందు అమ్మానాన్నల అనుమతి. 2023 డేటా రక్షణ చట్టం, దానికి 2025 నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం 18 నిండనివాళ్ళ సమాచారం వాడుకోవాలంటే పెద్దవాళ్ళ అనుమతిని కంపెనీ సరిచూసుకోవాల్సి ఉంటుంది, డిజిలాకర్ ద్వారానైనా సరే. బాగుంది. మన ఇళ్ళల్లో నాన్నకు డిజిలాకర్ పెట్టిచ్చింది ఎవరండీ? ఎనిమిదో తరగతి వెధవే. “నాన్నా, ఓటీపీ వచ్చింది, చెప్పు.” ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా చెబుతాడు. వాడి అనుమతి వాడే ఇచ్చుకుంటాడు.

సరే, నవ్వుకున్నాం. 2024 జూలై గుర్తుందా? ఓ తండ్రీ చిన్నారి కూతురూ ఉన్న వీడియో పెట్టుకుని, ఒక తెలుగు యూట్యూబరూ వాడి మిత్రబృందమూ లైవులో నోటితో అనరాని కూతలు కూసి పగలబడి నవ్వారు. అది ఏ జాబితాలోని సైటూ కాదు. మన పిల్లలు రైమ్స్ చూసే చోటే. ఓ సినిమా హీరో ట్వీట్ చేశాక పెద్దలందరికీ మెలకువ వచ్చింది, అరెస్టు జరిగింది, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో పెట్టారు. ఆ రోజు హీరో గారి ఫోన్లో చార్జింగ్ లేకపోతే?

చట్టం లేకనా? పిల్లల బూతుకు శిక్ష వేసే 67బి సెక్షను ఐటీ చట్టంలో 2009 నుంచి ఉంది. మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. అయినా, పిల్లల బూతు వీడియోలు ఫోన్లో పెట్టుకుని ఒంటరిగా చూసుకుంటే నేరం కాదని 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు కేసే కొట్టేసింది. పసిపిల్ల మీద జరిగిన ఘోరాన్ని దాచుకుని చూడటం తప్పని చెప్పడానికి సెప్టెంబరులో సుప్రీంకోర్టు దిగి రావాల్సి వచ్చింది. థూ!

ఇవన్నీ ఢిల్లీ సంగతులు. కూతురి ముఖాన్ని ఎవడో బూతు బొమ్మకు అతికించి వాట్సాప్‌లో తిప్పుతుంటే, స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చిన తండ్రికి వినబడే మొదటి మాట “ఆడపిల్లకు ఫోనెందుకు ఇచ్చారు?” రెండో మాట “స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించుకు రండి, కలర్‌లో.” ఊళ్ళో ఉన్నది ఒక్కటే జిరాక్సు షాపు. ఆ షాపువాడు ఇంకో కాపీ ఉంచుకోకుండా ఎవరు చూస్తారు, 67బి సెక్షనా?