పొగరాయుళ్లకు ఒక స్వర్ణం

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశం కెనడాకు ఒక్క స్వర్ణం కూడా దక్కలేదు. ఈ అన్యాయాన్ని ఇప్పటికైనా సరిదిద్దాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి సవినయంగా మనవి చేస్తున్నాను. అర్హులు సిద్ధంగా ఉన్నారు: మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో సిగరెట్లు కాల్చేవాళ్లు.

ఖర్చు పంచుకోవడం ఎలాగో ప్రపంచ ప్రభుత్వాలకు నేర్పిన ఘనత ఆ ఆటలదే. ముచ్చట పడింది నగరం. ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం, ఆటలు పెట్టుకోండి కానీ లోటొస్తే మా గడప తొక్కొద్దు అంది. నాణేలు, తపాలా బిళ్లలు, లాటరీ టికెట్లు అమ్ముకోవడానికి మాత్రం పెద్దమనసుతో ఒప్పుకుంది. మేయర్ జాన్ డ్రాపోకు అసలు టెన్షనే లేదు. మగాడికి కానుపు వస్తే ఒలింపిక్స్‌కు నష్టం వస్తుందన్నాడు. ఒక పత్రికా కార్టూనిస్టు నిండు చూలాలైన మేయర్ గర్భస్రావాల డాక్టరుకు ఫోన్ చేస్తున్నట్టు బొమ్మ గీశాడు. వైద్యశాస్త్రానికి అది మంచి రోజు.

12 కోట్ల డాలర్లన్న తొలి అంచనా చివరికి 150 కోట్లు దాటింది. స్టేడియం గడువులోగా పూర్తికాదని 1975 చివర్లో క్యూబెక్ ప్రభుత్వం పనులు లాక్కుంది. పనులతోపాటు అప్పూ వచ్చింది. నగరం తన వాటాను ఇంటిపన్నులో కలిపింది, రాష్ట్రం తన వాటాను పొగాకు మీద వేసింది. ఊదేవాడు ధర్నా చెయ్యడు, అగ్గిపెట్టె వెతుక్కుంటాడు. మూడు ప్రభుత్వాల తెలివీ ఇక్కడే ఏకమైంది.

అలా 30 ఏళ్లు ఊది ఊది 2006 నవంబరులో అప్పు తీర్చారు. ఇంకాస్త ముందే తీరేదే. కానీ అదే ఏడాది మేలో ప్రభుత్వం బార్లలో, రెస్టారెంట్లలో పొగ తాగొద్దంది, అమ్మకాలు పడిపోయాయి. తన బాకీ తీరుస్తున్నవాణ్ణే మెడపట్టి బయటికి గెంటిన ప్రభుత్వాన్ని మరెక్కడా చూడం. పతక ప్రదానం కూడా ఆరుబయటే పెట్టాలి మరి. స్టేడియం పైకప్పు పదే పదే చిరుగుతూ వచ్చింది, కొత్తదానికి 87 కోట్ల డాలర్లని 2024లో ప్రకటించారు. ఊపిరితిత్తులు మిగిలినవాళ్లు గమనించగలరు.

లాస్ ఏంజెలెస్ వాళ్లకు ఈ త్యాగబుద్ధి లేదు. మా నగరం సొమ్ము ఆటలకు పెట్టడానికి వీల్లేదని ఓటేసి మరీ చెప్పారు. 1984లో అక్కడ జరిగిన ఒలింపిక్స్‌లో 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలి, అప్పనే మధురానుభూతే లేకుండా పోయింది.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. కేంద్రమెంత, రాష్ట్రమెంత అని పెద్దలు లెక్కలు వేసుకుంటారు. పాపం, గుజరాత్‌లో మద్యనిషేధం, ఆ దారి మూత. ఖజానాలు మోసి అలవాటున్న మన మందుబాబులను రెండు తెలుగు రాష్ట్రాలూ డెప్యుటేషన్‌ మీద పంపితే సరి. రానుపోను రైలు చార్జీలు ఎవరు భరించాలో తేల్చడానికి మాత్రం ముందే ఒక కమిటీ వెయ్యాలి.