మందు పేరు రాయని ఈఈజీ రిపోర్టు అసంపూర్ణమే

శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి ఫిట్స్ చికిత్స కోసం విశాఖపట్నం వచ్చే కుటుంబాలు ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) రిపోర్టులో ముందుగా చూసేది ‘నార్మల్’ అని ఉందా, ‘అబ్‌నార్మల్’ అని ఉందా అన్నదే. నార్మల్ అయితే మాత్రలు మానేయవచ్చనీ, అబ్‌నార్మల్ అయితే మందు పనిచేయడం లేదనీ అనుకుంటారు. మెదడులో ఒక భాగం నుంచి మొదలయ్యే ఫోకల్ ఎపిలెప్సీలో ఈ రెండు అంచనాలూ తప్పు కావచ్చు. మూర్ఛ మందులు ఫిట్స్‌ను అదుపు చేయడమే కాక మెదడు తరంగాలనూ మారుస్తాయి, అదీ ఒక్కో మందు ఒక్కో తీరుగా.

కార్బమాజెపిన్ సంగతే చూడండి. నాడీకణాల్లోని సోడియం చానెళ్లపై (సోడియం లోపలికి వెళ్లే సూక్ష్మ ద్వారాలపై) పనిచేసి, ఆ కణాలు పదేపదే వేగంగా ఉద్దీపన చెందకుండా ఆపుతుంది. పెద్దవారు మెలకువతో కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు వచ్చే ఆల్ఫా తరంగాలు ఈ మందు వాడేవారిలో కొంత నెమ్మదించవచ్చు, అంతకంటే నెమ్మదైన థీటా తరంగాలు పెరగవచ్చు. సెకనుకు 10 ఉన్న లయ 9కి తగ్గినా మామూలు పరిధిలోనే ఉంటుంది కాబట్టి, మందు మొదలుపెట్టక ముందు తీసిన ఈఈజీని పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే తప్ప ఆ తేడా బయటపడదు. ఆక్స్‌కార్బజెపిన్‌దీ దాదాపు ఇదే దారి. క్లోబజామ్, ఫినోబార్బిటాల్ వేగమైన బీటా తరంగాలను పెంచుతాయి. లామోట్రిజిన్‌తో మార్పు తక్కువ.

అసలు తికమక స్పైకుల దగ్గర, అంటే ఫిట్స్ వచ్చే ధోరణిని సూచిస్తూ ఈఈజీలో కనిపించే మొనదేలిన తరంగాల దగ్గర, వస్తుంది. కార్బమాజెపిన్‌తో ఫిట్స్ పూర్తిగా ఆగిపోయినవారిలోనూ స్పైకులు అలాగే ఉండవచ్చు. వాటిని మాత్రమే చూసి డోసు పెంచితే రోగికి మిగిలేది మత్తు, తూలు. మరోవైపు, మామూలు ఈఈజీ చాలావరకు అరగంటకు మించి సాగదు. ఆ కాసేపట్లో స్పైకు కనిపించనంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. ఆ ధీమాతో మాత్రలు హఠాత్తుగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

తలకు నూనె రాసుకోకుండా రమ్మని చెప్పే ల్యాబులు, ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నవి కూడా అంతే శ్రద్ధగా అడిగి రిపోర్టులో నమోదు చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. బిడ్డ చదువులో మందగించాడని తల్లి చెప్పినప్పుడు, అది మందు ప్రభావమేమో తెలుసుకోవడానికి ఆ వివరాలతో పాత, కొత్త ఈఈజీలను పోల్చి చూసే అవకాశం డాక్టరుకు దొరుకుతుంది. పరీక్ష కోసం మాత్ర సొంతంగా మానుకోకూడదు. పేరు గుర్తుండనివారు మాత్రల అట్టను వెంట తెచ్చుకుంటే చాలు.