చెయ్యి తీసి చూస్తే అపెండిసైటిస్ తేలిపోతుందా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సందేశం ఇది: “కడుపులో కుడివైపు కింద గట్టిగా నొక్కి చటుక్కున చెయ్యి తీయండి. తీసినప్పుడు నొప్పి పెరిగితే అపెండిసైటిస్, లేకుంటే గ్యాస్. డాక్టరు చూసేదాకా నొప్పి మందు వద్దు. నొప్పి దానంతటదే తగ్గితే భయం లేదు.”

“పెరిగితే అపెండిసైటిస్.” ఈ పరీక్షను బ్లంబర్గ్ అనే వైద్యుడు 1907లో వివరించాడు. అది చెప్పేది కడుపు గోడకు లోపలివైపున ఉండే పొర, అంటే పెరిటోనియం, వాచిందని మాత్రమే. అల్సర్ చిల్లుపడినా, గర్భం ట్యూబులో పెరిగి పగిలినా ఇలాగే నొప్పి లేస్తుంది. పైగా హఠాత్తుగా చెయ్యి లాగితే భయపడ్డవాళ్లు ఏ జబ్బూ లేకున్నా ఉలిక్కిపడతారు. అపెండిసైటిస్ అవకాశం ఎంతో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే అల్వరాడో స్కోరులో మొత్తం 10 మార్కులుంటే దీనికి దక్కేది 1. కుడివైపు కింద నొక్కితే నొప్పి ఉండటానికి 2, రక్తంలో తెల్లకణాలు పెరగడానికి మరో 2.

అసలు అంత మొరటుగా నొక్కాల్సిన పనే లేదు. దగ్గమంటే చాలు, రోగి చెయ్యి తనంతట తానే నొప్పి చోటికి పోతుంది. లేదా వేలితో మెల్లగా తట్టి చూడొచ్చు. నొప్పికి దూరంగా మొదలుపెట్టి, కడుపును కాక రోగి ముఖాన్ని చూస్తూ రావాలి.

“లేకుంటే గ్యాస్.” ప్రాణం మీదికి తెచ్చేది ఈ మాటే. మొదటి గంటల్లో నొప్పి బొడ్డు చుట్టూ ఉంటుంది. వాపు పెరిటోనియాన్ని తాకాకే కుడివైపు కిందికి దిగుతుంది. అంతవరకు చెయ్యి తీసినా ఏమీ తెలియదు. అపెండిక్స్ సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం) వెనక దాగి ఉంటే ముందున్న పేగు దిండులా అడ్డుపడుతుంది. అప్పుడు ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, కుడి తొడను వెనక్కి లాగి చూస్తారు. నడుము నుంచి తొడకు వెళ్లే సోయాస్ కండరం సాగి నొప్పి పుడుతుంది. అపెండిక్స్ కటిలోకి వేలాడుతుంటే కుడి తుంటిని, మోకాలిని వంచి, తొడను లోపలికి తిప్పుతారు. వృద్ధుల్లో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో లోపల చీము పట్టినా కడుపు మెత్తగానే ఉండొచ్చు.

“నొప్పి మందు వద్దు.” చేతి పరీక్ష తప్ప మరో దారి లేని రోజుల నాటి నియమం ఇది. మార్ఫిన్ ఇచ్చి చూసిన అధ్యయనాల్లో రోగనిర్ధారణ తప్పులు పెరగలేదు. నొప్పికి బిగబట్టిన కడుపు కాస్త వదులైతే తడమడం సులువవుతుంది కూడా. కాకపోతే ఏ మందు, ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో నిజంగా వేసుకోకూడనిది విరేచనం కావడానికి వేసుకునే మందు. అది సందేశంలో లేనే లేదు!

“తగ్గితే భయం లేదు.” గంటల తరబడి పెరిగిన నొప్పి ఉన్నట్టుండి పోయిందంటే ఉబ్బిన అపెండిక్స్ పగిలి, లోపలి ఒత్తిడి దిగిపోయి ఉండొచ్చు. ఆ ఊరట కాసేపే. తర్వాత నొప్పి కడుపంతా పాకుతుంది, జ్వరం ఎక్కుతుంది, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది.