పదిహేను కత్తులూ, ఒక కత్తిపీటా

మే నెల ఆదివారం. గుంటూరు బ్రాడీపేటలో మా వంటిల్లు. అమ్మ నేల మీద కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఎదురుగా బావ, అంటే అమ్మకి మేనల్లుడు. విజయవాడలో కొత్త ఫ్లాటులోకి మారుతున్నాడు, వంటింటికి కత్తులు కొనాలి. ఫోనులో చెక్క దిమ్మకి గుచ్చిన పదిహేను కత్తుల బొమ్మ చూపించాడు. సంచిలో అప్పటికే కొనేసిన జపాన్ కత్తి ఒకటుంది, అది మాత్రం వెంటనే బయటికి తీయలేదు. నేను ఆవకాయకి వెల్లుల్లి ఒలుస్తూ మధ్యలో కూర్చున్నాను. నా తీర్పు ఎవరూ అడగలేదు.

అమ్మ: పదిహేనా? కాపురం పెడుతున్నావా, కసాయి కొట్టు పెడుతున్నావా?

బావ: అన్నీ కత్తులు కావులే అత్తా. ఆరు చిన్నవి, కంచంలో మాంసం కోసుకు తినడానికి. ఒకటి కత్తెర. ఒకటి వాదర సరిచేసే ఉక్కు కడ్డీ. ఆ చెక్క దిమ్మని కూడా ఒక శాల్తీ కింద లెక్కేస్తారు.

అమ్మ: చేత్తో కలుపుకు తినేవాడికి ఆ ఆరూ ఎందుకురా?

బావ: అందుకే కొనలేదు. ఎముక నుంచి మాంసం విడదీసేదీ, చేప చర్మం ఒలిచేదీ కూడా ఉన్నాయి అందులో. మనకి చేప మార్కెట్లోనే బూడిద రాసి, పొలుసు తీసి, ముక్కలు కొట్టి ఇస్తారు. మటన్ చింతమొద్దు మీద కొట్టిన తర్వాతే ఇంటికొస్తుంది. ఇంటికి మూడు చాలు. ఎనిమిది అంగుళాల పెద్ద కత్తి, మూడున్నర అంగుళాల చిన్న చాకు, రంపప్పళ్ల కత్తి ఒకటి. ఆ మూడూ ఉంటే నీ కత్తిపీట అటకెక్కించొచ్చు.

(ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ చేతిలో వంకాయ ఆగింది.)

అమ్మ: రంపప్పళ్లది దేనికి?

బావ: బ్రెడ్డుకి.

అమ్మ: బ్రెడ్డు కోసిందే కదా అమ్ముతారు.

బావ: సరే, రెండు.

అమ్మ: ఇక ఆ రెండిటి సంగతి. నువ్వు చాకు పట్టుకుంటే కూరగాయకి ఒక్క చెయ్యే మిగులుతుంది. నాకు రెండు చేతులూ కూరగాయవే. పీట మీద పాదం ఆనించానంటే కత్తి కదలదు, కాయే కదులుతుంది. తోటకూర కట్టని గుప్పిట్లో బిగించి నెట్టుకుంటూ పోతే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. గుత్తి వంకాయకి తొడిమె ఊడకుండా నాలుగు చీలికలు ఎంత లోతు పెట్టాలో వేళ్లకి తెలుస్తుంది. ఇంకొకటి చూడు, ముక్క తిన్నగా కింద ఉప్పునీళ్ల గిన్నెలో పడుతోంది. నువ్వు చెక్క మీద తరిగి, పోగు చేసి, ఎత్తి పోసేలోపు వంకాయ నల్లబడి కూర్చుంటుంది.

బావ: వంకాయ గాలికి నల్లబడేది నిజమే. కానీ అలుగు ఇనపది కావడం వల్ల ఇంకాస్త త్వరగా నల్లబడుతుంది. అరటికాయలో, వంకాయలో వగరు ఉంటుంది చూడు, అదీ ఇనుమూ కలిస్తే నలుపే. పులుపు తగిలినా అంతే. మామిడికాయ కోసి అట్టా వదిలేస్తే పొద్దున్నకి నీ అలుగు ఏ రంగులో ఉంటుంది? ఆ బాధ తీర్చడానికే గదా స్టెయిన్‌లెస్ వచ్చింది. 1913లో ఇంగ్లండులో, షెఫీల్డ్ అనే కత్తుల ఊళ్లో, హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఉక్కులో క్రోమియం కలిపి చేశాడు. నూటికి పదిన్నర పాళ్లు క్రోమియం ఉంటే చాలు, పైన కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడి తుప్పుని ఆపుతుంది.

అమ్మ: తుప్పు వదిలేసినవాళ్లకి పడుతుంది. నేను పనవగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వానాకాలం అయితే ఓ చుక్క నూనె రాస్తా. ఇది మా నాన్న కమ్మరి చేత లారీ కమాను పట్టీతో కొట్టించింది. నా పెళ్లికి సామాన్లలో వచ్చింది. నీ క్రోమియం కత్తి ఎన్నాళ్లు కోస్తుంది? ఇదిగో ఈ వంద రూపాయల చాకు స్టెయిన్‌లెస్సే, టమాటా తొక్క తెగదు, కాయ నలుగుతుంది.

బావ: వంద రూపాయలదాన్ని పెట్టి స్టెయిన్‌లెస్‌నంతా తిట్టకు. అది మెత్తటి ఉక్కు, పదును పట్టినా నిలవదు. కమాను పట్టీ అంటావా, దానికి నేను దణ్ణం పెడతా. స్ప్రింగు ఉక్కులో కర్బనం బాగా ఉంటుంది, వాదర సన్నగా వస్తుంది. తుప్పు కాచుకోగలిగినవాళ్లకి అదే మంచిది. నాలాగా తడి కత్తిని సింకులో పడేసే వాళ్లకి మాత్రం పనికిరాదు.

(సంచిలోంచి జపాన్ కత్తి అప్పుడు తీశాడు. అమ్మ చెయ్యి చాచలేదు. మా ఇంట్లో కత్తి చేతికివ్వరు, తగువులొస్తాయంటారు. కింద పెట్టాడు, ఆమె తీసుకుంది. తగువు ఎటూ నడుస్తూనే ఉంది కాబట్టి చేతికిచ్చినా పోయేదేమీ లేదు.)

అమ్మ: తేలిగ్గా ఉంది. పిడి బాగుంది, జిడ్డు చేత్తో కూడా జారేట్టు లేదు.

బావ: పట్టుకోవడం అట్టా కాదత్తా. పిడి చివరెక్కడో కాదు. అలుగు మొదట్లో బొటనవేలూ చూపుడువేలూ చెరో పక్కన వేసి నొక్కి పట్టుకో, మిగతా మూడూ పిడికి. అప్పుడు కత్తి బరువు చేతిలోకి వస్తుంది. రెండో చేతి వేళ్లు లోపలికి ముడువు, కణుపులు కత్తికి ఆనాలి. ఆ కణుపులే దారి చూపిస్తాయి, వేలు తెగదు. కొనేప్పుడు కొట్లో ఇట్టా పట్టుకుని చూడాలి. ఫోనులో బొమ్మ చూసి కొంటే చేతికి కుదిరిందో లేదో తెలియదు.

అమ్మ: నువ్వు దీన్ని ఎట్టా కొన్నావు?

బావ: ఫోనులోనే.

అమ్మ: సరే. పొద్దున మార్కెట్లో కాయలు కొట్టించుకొచ్చా, రెండు మిగిలిపోయినయ్. కొట్టు. టెంకతో సహా.

బావ: దీంతో అది చేయకూడదత్తా. జర్మనీ కత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56, 58 దగ్గర ఉంటుంది. దెబ్బ తగిలితే వాదర వంగుతుంది, కడ్డీకి నాలుగుసార్లు రాస్తే మళ్లీ నిలబడుతుంది. జపాన్‌వి 60 దాటతాయి. గట్టివి, సన్నవి, పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ వంగవు, పెచ్చు ఊడతాయి.

అమ్మ: అంటే ఆవకాయకి పనికిరాదు.

(కొట్టకూడదని అంత వివరంగా చెప్పినవాడు కొట్టాడు. మేనత్త ఎదురుగా ఉంటే తెలిసిన విద్య పనిచేయదు. రెండో దెబ్బకి టెంక సగం చీలింది, కత్తి ఇరుక్కుంది. బయటికి లాగి చూస్తే వాదర మీద గోటి చివరంత నొక్కు. ఎవరూ నవ్వలేదు. ఆ కాయ మా ఇంటి ఎదురుగా ఉన్నావిడ మామిడికాయ కత్తిపీట మీద, మడతబందు దగ్గర పెట్టి ఒక్క నొక్కు నొక్కితే రెండయ్యేది.)

అమ్మ: పోన్లే. దానికి దాని పని చెప్పు, చేస్తుంది.

బావ: ఉల్లిపాయలివ్వు.

(ఇక్కడ బావ నెగ్గాడని నా లెక్క. ఉల్లిపాయని తల నుంచి మొదలుకి రెండు చేశాడు, వేరు ఉన్న మొదలు మాత్రం కోసి తీసేయలేదు. ముందు నిలువుగా సన్నటి గాట్లు, తర్వాత పడుకోబెట్టి రెండు గాట్లు, తర్వాత అడ్డంగా. ముక్కలు ఆవాల కంటే కాస్త పెద్దగా, అన్నీ ఒకే కొలతలో రాలాయి. అమ్మ వంగి చూసింది.)

అమ్మ: మొదలెందుకు ఉంచావు?

బావ: పొరలన్నిటినీ అదే పట్టుకునుంటుంది. ముందే కోసేస్తే పొరలు జారిపోతాయి. చివర్న పారేస్తాం. ఇంకో సంగతి, నీ కళ్లు మండినయ్యా?

అమ్మ: లేదే.

బావ: మొద్దు చాకు ఉల్లిని కోయదు, నలుపుతుంది. నలిగినకొద్దీ ఘాటు గాల్లోకి ఎక్కువగా చిమ్ముతుంది. పదునుగా ఉంటే చిమ్మేది తక్కువ. కత్తిపీట మీద ఇంత సన్నగా వస్తుందా?

అమ్మ: పులుసులోకి ఇంత సన్నమెందుకు? పులుసులో ఉల్లిపాయ కనపడాలి.

బావ: ఆమ్లెట్‌లోకి?

అమ్మ: ఆమ్లెట్‌లోకి... సరే, ఆమ్లెట్‌లోకి.

బావ: ఇంకొక్క మాట, ఏమీ అనుకోకు. నా కూతురికి ఏడాదిన్నర. ఇల్లంతా పాకుతుంది, పట్టుకుని లేస్తుంది. నేల మీద వాదర పైకి తిరిగి నిలబడి ఉన్న కత్తిని ఆ ఇంట్లో ఎక్కడ పెట్టను?

అమ్మ: మీరంతా దీని ముందే పాకారు. పనవగానే పక్కకి పడుకోబెట్టి, అలుగు గోడవైపు తిప్పి పెట్టేవాళ్లం. కానీ అప్పుడు ఇంట్లో నలుగురం ఆడవాళ్లం ఉండేవాళ్లం, ఒకరు కాకపోతే ఒకరు చూసేవాళ్లు. నీ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. ఆ మాట ఒప్పుకుంటా.

బావ: నీ మోకాళ్ల మాటేంటి?

(చాలాసేపు అమ్మ మాట్లాడలేదు. వంకాయలు అయిపోయాయి, బీరకాయ అందుకుంది.)

అమ్మ: డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. పీట తీసుకెళ్లి గట్టు మీద పెట్టి చూశా. కాలు ఆనించకుండా అది నిలవదు, తోస్తుంటే అదీ కాయతో పాటు పోతుంది. దివాను మీద పెట్టుకుని చూశా, నడుము పట్టేసింది. అందుకే కింద కూర్చుంటున్నా. కూర్చోవడం కుదురుతుంది, లేవడమే రెండు చేతులూ గోడకి ఆనించి లేస్తున్నా. నువ్వు అటకెక్కిస్తానన్నావు చూడు, అటకెక్కించేది నువ్వు కాదు, నా మోకాళ్లు.

బావ: అత్తా, ఆ ఉద్దేశంతో అనలేదు.

అమ్మ: తెలుసు. తరిగే చెక్క ఎట్టాంటిది కొనాలి?

బావ: చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా పర్లేదు. గాజుది వద్దు. గ్రానైటు గట్టు మీద అసలే తరగొద్దు, ఒక్క వారంలో వాదర చచ్చిపోతుంది. కింద తడిగుడ్డ పరిస్తే జారదు. ఎత్తు నీ మోచేతికి కాస్త కిందుగా ఉండాలి.

అమ్మ: పదును పోతే? సాన పట్టే సైకిలు అబ్బాయికి ఇస్తే సరిపోదూ?

బావ: కత్తిపీటకి చాలు. మంచి కత్తి ఇవ్వొద్దు. ఆ చక్రం మీద నిప్పురవ్వలు ఎగురుతాయి చూడు, అంత వేడికి వాదర నీలంగా మారిందంటే ఉక్కులో గట్టిదనం పోయినట్టే. తర్వాత ఎంత నూరినా రెండు రోజులే. సానరాయి కొనుక్కోవాలి. మామూలు పదునుకి వెయ్యి నంబరు రాయి చాలు. ఇట్టా నొక్కు పడితే ముందు నాలుగొందలది, నంబరు తగ్గితే రాయి గరుకు. రాయి తడిపి, కత్తిని నిట్టనిలువుగా పెట్టి, అందులో సగానికి వంచి, మళ్లీ ఇంకో సగం వంచితే ఇంచుమించు ఇరవై డిగ్రీలు. జర్మనీవాటికి ఆ వాలు. జపాన్‌వాటికి ఇంకాస్త వంచి, పదిహేను.

అమ్మ: దీనికో రాయి, ఆ రాయికో నంబరు. ఇటు చూడు.

(లేచింది. గోడకి రెండు చేతులూ ఆనించే లేచింది. ఎండబెట్టిన ఖాళీ జాడీ ఒకటి తెచ్చి బోర్లించింది. జాడీ ఒంటి నిండా నున్నటి పూత ఉంటుంది, అడుగు అంచుకి మాత్రం ఉండదు, గరగరలాడుతుంది. ఆ అంచు మీద వంద రూపాయల చాకుని వాలుగా పెట్టి, ఒకే వైపు లాగుతూ అటు పది, ఇటు పది రాసింది. టమాటా తీసుకుని నొక్కకుండా చాకుని పైన పెట్టి లాగింది. తొక్క తెగింది.)

బావ: ఇది... ఇది నిజంగా సానరాయే అత్తా. పింగాణీ కడ్డీలని దీనికి వేలల్లో అమ్ముతున్నారు.

అమ్మ: మా అమ్మ చేసేది.

బావ: వాలు కూడా మారలేదు, చెయ్యి అదే కోణంలో నడిచింది. నొక్కు పోదులే దీంతో, అంత అరగదు. రోజువారీ పదునుకి మాత్రం...

అమ్మ: నొక్కుకి నీ నాలుగొందల రాయి కొనుక్కో. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి కొను. పెద్దది ఆ జర్మనీ తరహాదే కొను, నువ్వు టెంక మీద కొట్టకుండా ఉండలేవు. చిన్నదానికి డబ్బు తగలెయ్యకు, పట్నం బజారులో దొరికేది చాలు, రెండు మూడేళ్లకి మార్చుకో. నాక్కూడా ఒక పెద్దది పట్రా.

బావ: నీక్కూడానా?

అమ్మ: గట్టు దగ్గర నిలబడి ఉల్లిపాయలకి. తోటకూర మాత్రం దీని మీదే తరుగుతా, లేవలేకపోతే నువ్వొచ్చి లేపు.

(సాయంత్రం ఆవకాయ కలపడం అయింది. బావ వాటా చిన్న జాడీకి ఎత్తి, వాసెన కట్టింది.)

అమ్మ: మూడో రోజు తిరగకలుపు. తడి గరిటె పెట్టావంటే బూజు పడుతుంది. పచ్చడి అయిపోయాక జాడీ తెచ్చియ్యి.

బావ: అయిపోవడానికి ఏడాది పడుతుంది.

అమ్మ: అయితే ఏంటి?

బావ: ఏడాదంతా నిండు జాడీని బోర్లించి చాకెట్టా నూరను? ఖాళీది ఇంకోటి ఇవ్వు.